సగమే వచ్చిన ఫిల్ము

మంగళవారం పొద్దున పదకొండూ ఇరవైకి నేను ఒక రంగులు వేసే మనిషిని "ఏమీ లేదు, ఇంటికి వెళ్లవచ్చు" అని పంపించేశాను. ఎక్కడో దూరాన ఒక క్లినిక్కులో బల్ల మీద కూర్చున్న ఆ మనిషిని నేను చూసింది లేదు. చూసింది అతని ఛాతీ ఎక్స్‌రే ఒక్కటే. అది కూడా సగమే చూశాను. ఆ సంగతి నాకు తెలిసేసరికి పదకొండూ ముప్పై రెండయింది.

నేను ఎక్స్‌రేలు చదివే డాక్టర్ని. ఆసుపత్రికి వెళ్లను. ఇంట్లోనే వెనక గదిలో కూర్చుని, ఈ చదువు చదివిన డాక్టర్లు లేని చిన్న క్లినిక్కుల నుంచి వచ్చే ఫిల్ములు చూసి రిపోర్టులు రాస్తాను. మొత్తం పంతొమ్మిది క్లినిక్కులు. అక్కడ ఫిల్ము తీయగానే మా కంపెనీ సాఫ్ట్‌వేరు దాన్ని నా తెర మీదికి తెస్తుంది. నేను రాసింది పది నిమిషాల్లో వాళ్ల చేతికి అందుతుంది. నేను "ఏమీ లేదు" అంటే అవతల మనిషి చొక్కా గుండీలు పెట్టుకుని వెళ్లిపోతాడు.

ఇక నా కోపం సంగతి. అది ముక్కు మీదే ఉంటుంది. నేను చెప్పక్కర్లేదు, మా ఇంటికి నెట్ బాగుచేయడానికి వచ్చే ఆయన్ని అడిగితే చాలు. ఆరు వారాల్లో నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ నాతో చీవాట్లు తిని వెళ్లాడు. వచ్చిన ప్రతిసారీ చేతిలో మీటరు చూసుకుని ఒకటే మాట అంటాడు, "ఇప్పుడు బానే ఉందిగా మేడమ్" అని. అందుకే నేనూ మా అత్తగారూ ఆయనకు "బానేఉందిగా" అని పేరు పెట్టేశాం. ఫోన్లో నంబరు కూడా ఆ పేరు మీదే ఉంది.

నా పనికి గది చీకటిగా ఉండాలి. వెలుతురులో చూస్తే సన్న సన్న తేడాలు కంటికి ఆనవు. అందుకని పట్టపగలే పరదాలు దించుకుని కూర్చుంటాను. ఆ గదిలోనే నెట్ పెట్టె ఉండేది. దాని మీది ఆకుపచ్చ దీపాలు రోజంతా మిణుకుమిణుకుమంటుంటే నాకు ఒళ్లు మండేది. ఆరు వారాల కింద దాన్ని గోడ బీరువా పై అరలో పెట్టించి తలుపు వేయించాను. "బీరువాలో పెడితే వైఫై అందదు మేడమ్" అని బానేఉందిగా గొణిగాడు. "నాది వైఫై కాదయ్యా, పెట్టె నుంచి కంప్యూటరుకు నేరుగా వైరు ఉంది, కళ్లు పెట్టి చూడు" అన్నాను. వైఫై విషయంలో నా మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందువల్ల ఆ తరవాత బీరువా పేరు ఎవరెత్తినా నేను చెవిన పెట్టలేదు.

కొద్ది రోజులకే నెట్ వేషాలు మొదలుపెట్టింది. ఒక పూట స్పీడు ఎనభై చూపిస్తుంది, ఇంకో పూట రెండు. ఆ రెండు కూడా ఏడుస్తూ ఏడుస్తూ వస్తుంది. వైరు మార్చాను. కంప్యూటరు మార్చాను. మా ఆయన ఫోను ఇంట్లో ఉన్నంతసేపూ నెట్‌కు కలపవద్దని హుకుం జారీ చేశాను. మా అత్తగారు టీవీలో చూసే సీరియళ్ల మీద కూడా అనుమానపడ్డాను. "నా సీరియల్లో వాళ్లు అరగంటకు ఒక మాట మాట్లాడతారు, దానికెంత నెట్ కావాలి అమ్మాయ్" అని ఆవిడ నవ్వింది. చివరికి నాకు తెలిసిన మందు ఒక్కటే మిగిలింది. బీరువా తీసి, పెట్టె ఆపి, ముప్పై లెక్కపెట్టి మళ్లీ వేయడం. అలా చేస్తే బాగుపడేది. ఒక గంట, ఒక్కోసారి రెండు గంటలు. మళ్లీ మామూలే. పెట్టెలోనే ఏదో రోగం ఉందని, కొత్తది ఇవ్వకుండా బానేఉందిగా నన్ను ఆడిస్తున్నాడని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు అసలు తప్పు చెప్పాలి. ఫిల్ము నా తెర మీదికి ఒక్కసారిగా రాదు. ముందు కాస్త మసకగా మొత్తం బొమ్మ వస్తుంది, తరవాత వివరాలు పొరలు పొరలుగా వచ్చి చేరతాయి. నెట్ బాగుంటే ఈ రెండింటికీ మధ్య రెప్పపాటు కూడా ఉండదు. నెట్ బాగోకపోతే నిమిషాలు పడుతుంది. పూర్తిగా వచ్చేదాకా తెర మూలన ఒక పసుపు చుక్క వెలుగుతుంది. నెట్ మొరాయించడం మొదలయ్యాక ఆ చుక్క రోజంతా వెలుగుతూనే ఉండేది. చీకట్లో కళ్లలో గుచ్చుకునేది. కంపెనీవాళ్లకు ఫోన్ చేసి తీయించేశాను. ఇరవై రెండేళ్లుగా ఫిల్ములు చూస్తున్నదాన్ని, బొమ్మ పూర్తిగా వచ్చిందో లేదో నాకు చుక్క చెప్పాలా అనుకున్నాను.

మంగళవారం పొద్దున రంగులు వేసే మనిషి ఫిల్ము వచ్చింది. వయసు ముప్పై ఎనిమిది. నిచ్చెన మీద నుంచి ఎడమవైపు పడ్డాడు, పక్కటెముకల దగ్గర నొప్పి. ఎముకలు వరసగా చూశాను, ఎక్కడా విరగలేదు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. వెనక ఇంకా పన్నెండు ఫిల్ములు కాచుకుని ఉన్నాయి. నాలుగు ముక్కలు రాసి పంపేశాను. రిపోర్టు అంటే నాలుగు మాటలే కాబట్టి ఎంత చెడ్డ లైనులోనైనా దూరి వెళ్లిపోతుంది.

తరవాతి ఫిల్ము తెరుచుకోలేదు. తిరుగుతున్న సున్నాను కాసేపు చూసి, విసుక్కుంటూ లేచి, బీరువా తీసి, నా మందు వేశాను. ఆపడం, ముప్పై లెక్కపెట్టడం, వేయడం. దీపాలు ఒక్కొక్కటే వెలిగి నిలబడటానికి నాలుగైదు నిమిషాలు పట్టింది. తలుపు అలాగే వదిలేసి వచ్చి కూర్చున్నాను. రంగులు వేసే మనిషి ఫిల్ము ఇంకా పక్క తెర మీద మూయకుండా ఉంది. నా కళ్ల ముందే అది నెమ్మదిగా తేరుకుని పదును తేలింది.

ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో వెంట్రుకంత సన్నటి గీత ఉంది. ఆ గీతకు బయట ఊపిరితిత్తి ఉండాలి. లేదు. ఖాళీ నలుపు.

పడ్డప్పుడు అతని ఊపిరితిత్తికి ఎక్కడో చిన్న చిల్లు పడింది. లోపలి గాలి బయటికి వచ్చి ఊపిరితిత్తిని చుట్టూ నొక్కుతోంది. ఒక్కోసారి అది దానంతట అదే మానిపోతుంది. ఒక్కోసారి పెరుగుతూ పోతుంది. పెరిగితే మనిషికి ఊపిరి అందదు, ఆ ఒత్తిడికి గుండె కూడా ఆడలేని స్థితికి వస్తుంది. ఆసుపత్రిలో ఉంటే చిన్న గొట్టం పెట్టి గాలి తీసేస్తారు, బతికిపోతాడు. ఆ మనిషి ఇంటి దారిలో ఉంటేనో, మళ్లీ నిచ్చెనెక్కితేనో ఎవరూ ఏమీ చేయలేరు. నేను అతన్ని ఇంటికి పొమ్మన్నాను.

సవరణ రాయడానికి కీబోర్డు మీద చేతులు పెట్టాను. వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, టీ కప్పు తీసుకెళ్తున్నా."

నేను వెనక్కి చూడలేదు. ఆవిడ అడుగుల చప్పుడు వెళ్లిపోయింది. "ఎడమవైపు ఊపిరితిత్తి చుట్టూ గాలి ఉంది, రోగిని పంపకండి, వెంటనే డాక్టరుకు చూపించండి" అని రాసి పంపు అని నొక్కాను. సున్నా తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఎర్ర అక్షరాలు పడ్డాయి, లైను తెగింది అని. నాలుగు మాటలు కూడా దూరనంత చెడ్డగా అది ఎప్పుడూ లేదు.

క్లినిక్కుకు ఫోన్ చేద్దామంటే నంబరు ఆ కేసు పేజీలో ఉంటుంది. ఆ పేజీ తెరుచుకోవడం లేదు. నా ఫోన్లోని నెట్‌ను కంప్యూటరుకు కలిపాను. సాఫ్ట్‌వేరు నన్ను గుర్తుపట్టనట్టు మొహం పెట్టింది. కొత్త లైను నుంచి వస్తున్నారు, పైఅధికారి అనుమతించేదాకా ఆగండి అంది. పైఅధికారికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. కంపెనీ సహాయం నంబరుకు చేశాను. ఒక పాట వచ్చింది, తరవాత ఒక అమ్మాయి గొంతు తీయగా, మీరు వరసలో తొమ్మిదోవారు అని చెప్పి మళ్లీ పాట అందుకుంది. ఆ పాటను నేను జన్మలో మరిచిపోను.

పదకొండూ నలభై ఒకటి. ఆ మనిషి బస్సు ఎక్కేసి ఉంటాడు అనిపించింది. సైకిలు తొక్కుతున్నాడేమో అనిపించింది. రంగు డబ్బా చేత్తో పట్టుకుని మెట్లెక్కుతూ, మధ్యలో ఆగి, ఛాతీ పట్టుకున్నట్టు కనిపించింది. ఇరవై రెండేళ్లలో నేను ఎందరి ఊపిరితిత్తులు చూశానో లెక్కలేదు. ఒక్కరికీ మొహం ఉందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ రోజు అతనికి ఏదో ఒక మొహం పెట్టకుండా ఉండలేకపోయాను, ఆ మొహం చూడలేకపోయాను.

పాటను మధ్యలో కోసేసి బానేఉందిగాకు ఫోన్ చేశాను. ఆయన మూడో మోతకే ఎత్తాడు. ఎత్తగానే నేను తిడతాననుకున్నాడు కాబోలు, "చెప్పండి మేడమ్" అని చాలా నెమ్మదిగా అన్నాడు.

"బాబూ, ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. నాకు లైను ఒక్క నిమిషం కావాలి. ఏం చేయమంటే అది చేస్తాను."

ఈ ఇంటి నుంచి ఆయన "బాబూ" అన్న మాట వినడం అదే మొదటిసారి. ఆయన గొంతు మారిపోయింది.

"కంగారు పడకండి. పెట్టె దగ్గరికి వెళ్లండి. దాని మీద ఎర్ర దీపం ఏమైనా వెలుగుతోందా చూసి చెప్పండి."

బీరువా తలుపు మూసి ఉంది. తీశాను. ముందు ఒక దీపం ఎర్రగా కనిపించి, నేను చూస్తుండగానే ఆరిపోయింది. మరి కాసేపటికి అన్నీ ఆకుపచ్చగా నిలబడ్డాయి.

"ఎరుపు పోయింది. అన్నీ పచ్చగానే ఉన్నాయి."

"అయితే ఇప్పుడు బానే ఉంది మేడమ్. పంపి చూడండి."

అలవాటు కొద్దీ తలుపు వేసేసి కుర్చీ దగ్గరికి పరుగెత్తాను. పంపు అని నొక్కాను. సున్నా తిరిగింది. లైను తెగింది.

"రాలేదు బాబూ. వెళ్లడం లేదు."

గడప దగ్గర మా అత్తగారు నిలబడి ఉంది. నా అరుపులకు వంటగదిలోంచి వచ్చినట్టుంది, చేతిలో తడి గుడ్డ ఉంది. ఆవిడ ముప్పై ఏళ్లు లైబ్రరీలో పుస్తకాలు సర్దిన మనిషి. తెరిచి ఉన్న బీరువా కంటపడితే ఆవిడకు నిద్ర పట్టదు. నా మొహం చూసి, బీరువా చూసి, మళ్లీ నన్ను చూసింది.

"నువ్వు తలుపు వేశావు కదూ" అంది.

"వేస్తే ఏంటి అత్తయ్యా, ఇప్పుడు సర్దుకునే టైమా ఇది."

"అది కాదే. అతనొచ్చినప్పుడు ఎవరూ తలుపు వేయరు. పెట్టె చూడాలి కదా, తీసే ఉంచుతాం. నువ్వు పెట్టె ఆపి మళ్లీ వేసినప్పుడు కూడా తలుపు తీసే వదిలేస్తావు. కాసేపయ్యాక నేనొచ్చి వేస్తాను. ఇందాక కప్పు తీసుకెళ్లేప్పుడు కూడా నేనే వేశాను."

ఆవిడే గబగబా వెళ్లి తలుపు బార్లా తీసి, తన వీపు ఆనించి నిలబడింది. నేను స్పీడు చూసే పేజీ తెరిచాను. ముల్లు కొంచెంసేపు సున్నా దగ్గరే పడుకుని ఉంది. తరవాత లేచింది. ఎనిమిది, ముప్పై, ఎనభై ఒకటి.

ఫోన్లో బానేఉందిగా ఇదంతా వింటూనే ఉన్నాడు. "మేడమ్, బయట నుంచి వచ్చే సన్న తెల్ల వైరు తలుపు బందుల సందులోంచి లోపలికి వెళ్తోందా?"

చూశాను. అక్కడి నుంచే వెళ్తోంది. బందు పక్కన అది నలిగి, మడత పడిన చోట తెల్లగా చారికలు కట్టింది.

"అది గాజు వైరు మేడమ్. దాంట్లో వెళ్లేది వెలుతురు. తలుపు వేసినప్పుడల్లా అక్కడ నలిగి వెలుతురు ఆగిపోతోంది. రోజురోజుకూ ఎక్కువ నలిగింది. నేనొచ్చినప్పుడు తలుపు తీసే ఉండేది, నాకెలా తెలుస్తుంది." ఆ వెంటనే, "తలుపు ముట్టుకోకండి, నేను వస్తున్నా" అన్నాడు. ఆ మాట నేను సగమే విన్నాను. అప్పటికే మళ్లీ పంపు అని నొక్కాను, సవరణ వెళ్లిపోయింది. పంపినట్టు పచ్చ గుర్తు పడింది. దాని పక్కనే "అవతల ఇంకా ఎవరూ చదవలేదు" అని ఉంది.

కేసు పేజీ తెరుచుకుంది. క్లినిక్కు నంబరు కనిపించింది. నొక్కేటప్పుడు రెండుసార్లు తప్పు కొట్టాను. పదకొండూ యాభై రెండు. ఫోను మోగుతోంది. మోగుతూ మోగుతూ ఆగిపోయింది. మళ్లీ చేశాను. దేవుడా, ఎత్తండి, ఎవరో ఒకరు ఎత్తండి అని పైకే అంటున్నాను. అత్తగారు తలుపుకు ఆనుకుని కదలకుండా నిలబడి ఉంది. ఊపిరి గట్టిగా పీలిస్తే తలుపు కదులుతుందేమో అన్నట్టు నిలబడి ఉంది.

"ఎక్స్‌రే రూమండీ" అంది అవతల నుంచి ఒక ఆడగొంతు. నడివయసు మనిషిలా ఉంది.

నేనెవరో చెప్పాను. "ఇందాకటి రంగులు వేసే మనిషి, నిచ్చెన మీంచి పడ్డ మనిషి వెళ్లిపోయాడా?"

"లేదండీ. ఇక్కడే బెంచీ మీద ఉన్నాడు."

నేను టేబులు అంచు పట్టుకున్నాను. "అతని ఎడమ ఊపిరితిత్తి చుట్టూ గాలి ఉంది. నేను తప్పు రాశాను. వెంటనే మీ డాక్టరుగారికి చెప్పండి, ఇప్పుడే."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, పరుగెత్తిన అడుగులు, ఎవర్నో పిలిచిన కేక, కుర్చీ జరిపిన చప్పుడు, అన్నీ నా చెవిలో పడ్డాయి. తరవాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. తిరిగి వచ్చేసరికి ఆవిడ ఆయాసపడుతోంది.

"ఆక్సిజన్ పెట్టారండీ. పెద్దాసుపత్రికి పంపడానికి అంబులెన్సు పిలిచారు. ఇందాకటి నుంచి ఛాతీ పట్టేసినట్టుందంటున్నాడట, పడ్డ నొప్పి అనుకున్నాడు. మాట్లాడుతున్నాడు, బానే ఉన్నాడు."

నేను ఏడ్చాను. ఎవరి ముందూ ఏడవని మనిషిని, తెలియని మనిషికి ఫోన్లో ఏడుపు వినిపించాను. కాస్త తేరుకున్నాక అడిగాను.

"నా రిపోర్టు చూసి మీ డాక్టరుగారు పంపించలేదా?"

"వెళ్లమన్నారండీ. నేనే ఆపాను. ఫిల్ము సరిగ్గా రాలేదు, ఇంకోటి తీయాలి, కూర్చోమని అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

ఆవిడ చెప్పవచ్చా లేదా అని తూచుకున్నట్టుంది. "ఫిల్ము మీ దగ్గరికి ఎంత చేరిందో మాకు ఇక్కడ ఒక గీత కనిపిస్తుందండీ. అది నిండితే మొత్తం చేరినట్టు. ఇవాళ గీత సగం దగ్గర ఉండగానే మీ రిపోర్టు వచ్చేసింది."

చీకటి గదిలో ఆ మాట విన్నప్పుడు నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇదే మొదటిసారి కాదండీ" అంది ఆవిడ. "నెల పైనుంచి అప్పుడప్పుడూ ఇలాగే అవుతోంది. ఒకసారి మీ కంపెనీవాళ్లు ఫోన్ కలిపితే మీతోనే చెప్పాను. ఫిల్ము చూడటం నాకు మీరు నేర్పుతారా అన్నారు. మళ్లీ చెప్పడానికి భయమేసింది. కంపెనీకి రాస్తే జవాబు లేదు. అందుకని నంబర్లు రాసి పెట్టుకుంటున్నాను."

ఆ ఫోను నాకు గుర్తులేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. కానీ ఆ మాట మాత్రం నాదే. అచ్చం నేననే మాటే. ఎవరో ఒకరు రోజూ నాతో ఆ మాట పడుతూనే ఉంటారు, అందుకే ఆవిడ గుర్తు లేదు.

"ఎన్ని ఉన్నాయి?"

"ఇవాళ్టిది కాక పదిహేడండీ. పదకొండు మందిని ఏదో ఒకటి చెప్పి ఆపి, ఫిల్ము కొత్త నంబరుతో మళ్లీ పంపించాను. అవి మీ కంపెనీలోనే వేరే డాక్టర్లకు వెళ్లాయి. రెండింటికి వాళ్లు మీలా రాయలేదు. ఆ ఇద్దరికీ మందులు నడుస్తున్నాయి." కాగితం తిప్పిన చప్పుడయింది. "మిగతా ఆరుగురు ఆగలేదు. నేను ఆగమన్నాను. రిపోర్టు బాగుందిగా, పని మానుకుని ఎంతసేపు కూర్చోవాలి అని వెళ్లిపోయారు. వాళ్లనెలా ఆపుతానండీ."

ఒక్క క్లినిక్కులో పదిహేడు. నాకు పంతొమ్మిది క్లినిక్కులు. మిగతా చోట్ల గీత చూసి నంబర్లు రాసుకునే మనిషి ఒకరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. రంగులు వేసే మనిషి దొరికినప్పుడు తగ్గిందనుకున్న భయం మళ్లీ వచ్చింది. ఈసారి అది ఒక మనిషి కోసం కాదు. అరగంటలో తేలేది కూడా కాదు.

"ఆ ఆరుగురి నంబర్లూ చెప్పండి. ముందు వాళ్లవి చూస్తాను. ఆ తరవాత తక్కినవన్నీ చూస్తాను."

"ఇప్పుడేనా అండీ?"

"ఇప్పుడే. మీకు టైముంటే లైన్లోనే ఉండండి. నాకు ఒక్కదాన్నే చూడాలంటే భయంగా ఉంది."

అలా ఎవరితోనైనా అంటానని నేను కలలో కూడా అనుకోలేదు. "ఉంటానండీ" అంది ఆవిడ, ఇంట్లో మనిషిలా.

మొదటి నంబరు కొట్టాను. ఫిల్ము అరక్షణంలో పూర్తిగా వచ్చి నిలబడింది. ఇన్నాళ్లూ దేని కోసం నానా గొడవ చేశానో ఆ స్పీడు వచ్చేసింది. ఇప్పుడు అది నెమ్మదిగా వస్తే బాగుండునని ఉంది. ఒక ముసలాయన ఛాతీ. మూల మూలలా చూశాను, రెండుసార్లు చూశాను. శుభ్రంగా ఉంది. రెండోది ఒక కాలేజీ అమ్మాయిది. అది కూడా శుభ్రమే. గుండె కాస్త కుదుటపడింది. నేను మరీ అంత చెడ్డగా చూసి ఉండనులే అని లోపల ఎవరో సర్దిచెబుతున్నారు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. చుక్క అక్కర్లేదని చెప్పింది కూడా అదే.

"మూడోది బట్టల కొట్లో పనిచేసే ఆవిడదండీ. నలభై రెండేళ్లు. అప్పటికి నెల రోజులుగా దగ్గు. ఊపిరితిత్తులు మామూలుగా ఉన్నాయని రాశారు. ఐదు వారాలయింది."

కొట్టాను. వచ్చింది.

కుడివైపు పైన, రెండో పక్కటెముక వెనక, బఠాణీ గింజంత తెల్లటి మచ్చ ఉంది. అంచులు నున్నగా లేవు. మసక బొమ్మలో అది ఎముకలో కలిసిపోయి ఉంటుంది, కనపడి ఉండదు. ఇప్పుడు దాన్ని చూడకుండా ఉండటం ఎవరి వల్లా కాదు. అది ఏమిటో ఒక్క ఫిల్ముతో చెప్పలేం. ఏమీ కాకపోవచ్చు. అయితే ఆ ఐదు వారాలు ఆవిడవి. వాటిని నేను తిరిగి ఇవ్వలేను.

"డాక్టరుగారూ, ఉన్నారా?"

"ఉన్నాను. ఆవిడ ఫోన్ నంబరు ఉందా మీ దగ్గర?"

"ఉందండీ. రేపు రమ్మని నేను చేసి చెప్పనా? ఏమని చెప్పమంటారు?"

అత్తగారు ఇంకా తలుపు దగ్గరే ఉంది. ఆవిడకు ఏమీ అర్థం కాకపోయినా నా మొహం చూసి పెన్నూ కాగితమూ అందుకుని, చేయి చాచి ఇచ్చింది.

"మీరు వద్దు" అన్నాను. "తప్పు రాసింది నేను. నేనే చేస్తాను. నంబరు చెప్పండి."

ఆవిడ అంకెలు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి ఆపి మళ్లీ చెప్పించుకుని, పదీ రాసుకున్నాను.